బావ పేరు మీది బండి

జూన్ 11, బుధవారం

వీరభద్రప్ప వచ్చాడు. ఏటా ఈ రోజుల్లోనే వస్తాడు, తొలకరికి పురుగూ పుట్రా బయటికి వచ్చినట్టు. అదే రెక్సిన్ సంచి, అదే చెమట, చొక్కా జేబులో అవే పెన్నులు. వాటిలో రాసేది ఒక్కటే. దుకాణంలో గిరాకీ నిలబడి ఉంటే స్టూలు లాక్కుని కూర్చుని, "కోటిలింగప్పా, టీ చెప్పండప్పా" అన్నాడు. కారు ఇన్సూరెన్స్ ఈ నెల 28తో అయిపోతుందట. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ముందు సంగనకల్లులో తన బోరు ఎండిన కథ, కోడలి నడుము నొప్పి కథ పూర్తిగా చెప్పాడు. జిప్పుల పెట్టె కోసం వచ్చిన జీన్స్ యూనిట్ మనిషి విసుగెత్తి పక్క దుకాణానికి పోయాడు. పక్క దుకాణం ఈరేశ్‌ది. నేను అమ్మే జిప్పులు, గుండీలే అమ్ముతాడు, నాసివి.

ఏజెంటునంటాడు వీరభద్రప్ప. ఏజెంటు చేసే పనేమిటి? నా దగ్గర చెక్కు తీసుకుంటాడు. ఒకసారి గుంతకల్లు పోయొస్తాడు. ఎందుకు పోతాడో నేను అడగను, అతను చెప్పడు. తర్వాత కాగితం తెచ్చిస్తాడు. మూడేళ్ళ నుంచి కాగితంతో పాటు ఒక డబ్బా నిండా ఓళిగలు, అదే బొబ్బట్లు, కూడా తెస్తున్నాడు. అంతకు ముందు వట్టి క్యాలెండరే ఇచ్చేవాడు. "ఇంట్లో చేసినారప్పా" అంటాడు. బేరం చేజారకుండా లంచం, ఇంకేముంది. ఆ ఇంటామె పూర్ణంలో సొంఠి వేస్తుంది. ఓళిగలో సొంఠి వేసేది మా అమ్మ ఒక్కతే అనుకున్నాను. ఇంకా ఉన్నారన్నమాట అలాంటివాళ్ళు. మా ఆవిడ రుద్రమ్మకు పెళ్ళైనప్పటి నుంచీ తీపి పడదు, అందుకని డబ్బా అంతా నాకే వదిలేస్తుంది. నాకూ పెద్ద ఇష్టమేమీ లేదు. పారేయడం ఎందుకని తింటాను.

ధర మళ్ళీ పెంచారట. "కంపెనీవాళ్ళు పెంచితే నేనేం చేసేదప్పా" అన్నాడు. ఏమీ చేయలేనివాడు ఎందుకు మరి?

జూన్ 12

ఈరేశ్ తన కారు ఇన్సూరెన్స్‌ను ఫోన్లోనే వేరే కంపెనీకి మార్చుకున్నాడట. టీ చల్లారేలోపల అయిపోయిందని పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. పీయూసీ పరీక్ష తప్పినవాడు. వాడికి చేతనైంది నాకు చేతకాదా?

జూన్ 14, శనివారం

చెప్పేశాను. చెక్కు కోసం వచ్చి స్టూలు మీద ఇంకా సర్దుకోకముందే, "ఈ ఏడు నీతో పని లేదు వీరభద్రప్పా. కంపెనీ మారుస్తాండా. నేనే ఫోన్లో చేసుకుంటా" అన్నాను.

"చేసుకోండప్పా. అయితే బండి మీ పేరు మింద లేదు కదా."

"లేకుంటే ఏంది? తోలేది నేను, కట్టేది నేను."

"అది నాకు తెలుసప్పా. కంపెనీకి తెల్దు కదా."

ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు ముఖం పెట్టాడు. బండి బావ పేరు మీద ఉన్న సంగతి నాకు ఇతను చెప్పాలా? పెట్టించిందే నేను. కర్ణాటకలో కారుకు కట్టే రోడ్డు టాక్సు వింటే కళ్ళు తిరుగుతాయి. ఆంధ్రాలో తక్కువ. గుంతకల్లులో అక్క మొగుడు ఉన్నాడు, అతనికి అక్కడ ఇల్లుంది, ఆధారుంది. అతని పేరు మీద ఆంధ్రా నంబరు వేయించి బళ్ళారిలో తిప్పుకుంటున్నాను. గాంధీనగర్‌లో ఇలాంటి తెలివైనవాళ్ళు వీధికి నలుగురు. పోలీసు ఆపితే చెప్పవలసింది మా ఇంట్లో అందరికీ కంఠస్థం: గుంతకల్లులో అక్క ఇంటి నుంచి వస్తున్నాం, సాయంత్రం వెళ్ళిపోతాం. చూడగానే చుట్టాల బండిలా కనపడాలని వెనక సీటులో ఎప్పుడూ ఒక ఊరగాయ జాడీ పెట్టి ఉంచుతాను. ఖాళీదే. ఈ ఉపాయం ఈరేశ్‌కు చచ్చినా తట్టదు.

వీరభద్రప్ప టీ చివరి చుక్క దాకా తాగాడు. లేచి నిలబడి, "అయితే ఈ ఏడు నేను గుంతకల్లుకు పోవద్దా?" అన్నాడు.

"నువ్వు కాశీకి పో. నన్నెందుకు అడుగుతావు?"

 గ్లాసు తనే కడిగి బల్ల మీద పెట్టి పోయాడు. నాటకాలు.

జూన్ 17, మంగళవారం

కొత్త కంపెనీ వాళ్ళ యాప్ పెట్టుకున్నాను. బండి నంబరు కొట్టగానే అన్నీ అదే చెప్పింది, బండి రంగుతో సహా. ధర కూడా వీరభద్రప్ప చెప్పినదానికన్నా తక్కువే. ఇంత సులువైన పనికి ఆ మనిషి ఇన్నేళ్ళు నా స్టూలు అరగదీశాడు.

చివర్లో ఒక ముక్క వచ్చింది. వాహన యజమాని ఆధార్‌కు జోడించిన ఫోనుకు ఆరంకెల సంఖ్య పంపించారట, పది నిమిషాల్లో ఇక్కడ కొట్టాలట.

వాహన యజమాని!

యజమాని ఫోను గుంతకల్లులో ఉంటుంది. చొక్కా జేబులోనో, మంచం మీదో. అందులో నా ఆరంకెలు పోయి పడ్డాయి. యాప్ మూసేశాను. పది నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను, ఎక్కడ చదువుకుంటాడోనని. చదువుకుంటే చదువుకోనీ. తప్పు నంబరనుకుంటాడు.

యజమానట. ఆ రోజు బావ అన్నదీ ఇలాంటి మాటే. మూడేళ్ళ కిందట మా బావ తిరుమలేశ్ తన రిటైర్మెంటుకు విందు పెట్టాడు. బతుకంతా గూడ్సు బండి చివరి డబ్బాలో కూర్చుని పచ్చజెండా ఊపినందుకు విందు! మేమంతా ఆకుల ముందు కూర్చున్నాం. రైల్వే మిత్రుడెవరో వాకిట్లో కారు చూసి ఎవరిదని అడిగాడు. "మనదేనప్పా. మా బామ్మర్ది తోలుకుంటాండాడు" అన్నాడు బావ. పంక్తి పంక్తంతా నవ్వింది. నా డబ్బు, నా బండి, నేను డ్రైవరు! పప్పన్నం చేత్తోనే లేచాను. ఎవరు లేవరు?

అక్క ఓళిగల తట్ట పట్టుకుని కారు దాకా పరిగెత్తుకొచ్చింది. "కోటీ, ఇదొక్కటి తినిపో నాయనా. ఆకు మింద నుంచి అట్ల లేయకూడదు" అంది. నేను అద్దం ఎత్తాను. ఏసీ వేసి ఉంది. ఏసీ వేసినప్పుడు అద్దం ఎత్తాలి.

జూన్ 18

గుంతకల్లు నుంచి ఫోన్ రాలేదు. రావాలని నేనేమీ అనుకోలేదు.

జూన్ 20, శుక్రవారం

ఈ యాప్ కాకపోతే ఇంకొకటి. వేరే కంపెనీకి నేరుగా ఫోన్ చేశాను. ఒక ఆడపిల్ల ఎత్తి చక్కెర పాకంలో ముంచిన గొంతుతో, "తిరుమలేశ్ గారేనా అండీ మాట్లాడుతున్నది?" అంది.

"ఆ, నేనే" అన్నాను.

ఎంత కాదనుకున్నా ఆ మాట అంటున్నప్పుడు నోరు చేదైంది. అతని పేరు పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో ఒక్క నిమిషంలో తెలిసింది. ఊరికే గూడ్సు బండి చివర కూర్చోబుద్ధవుతుంది.

"మీ పుట్టిన తేదీ చెప్పండి సార్."

నాకెలా తెలుస్తుంది? ఏదో ఒకటి చెప్పాను. "కాదు సార్" అంది. ఇంకొకటి చెప్పాను. అదీ కాదట. "మీ పుట్టినరోజు మీకే గుర్తు లేదా సార్?" అని కిసుక్కున నవ్వింది. పోనీ ఫోనుకు అంకెలు పంపించాను, అవైనా చెప్పండి అంది. అంకెలు మళ్ళీ గుంతకల్లుకే పోయాయి. పెట్టేశాను.

అక్కైతే ఆ తేదీ టక్కున చెప్పేది. చిన్నప్పుడు సైకిల్ స్టాండు టోకెన్ల నంబర్లు, బస్సుల నంబర్లు అన్నీ ఒప్పజెప్పేది. ఇప్పుడు చుట్టాలందరి ఫోన్ నంబర్లూ ఆమె నోట్లోనే ఉంటాయి. బావకు తన నంబరు కావాలన్నా అక్కనే అడుగుతాడు. ఏం లాభం? బుర్ర నిండా అన్ని అంకెలు పెట్టుకున్న మనిషి ఈ మూడేళ్ళలో నా నంబరు ఒక్కసారి కొట్టలేదు.

జూన్ 23, సోమవారం

రుద్రమ్మతో రభస. అన్నం పెడుతూ, "ఆ నంబరేదో వాళ్ళనే అడిగితే ఏం పోతాది నీది?" అంది.

"బండి పోతాది. కాగితాల్లో అంతా ఆయన పేరే ఉండాది. నేను పోయి చెయ్యి చాపితే బండి నాదంటాడు."

"మూడేండ్లు అనలేదు కదా."

"సమయం కోసం కాసుకోని ఉండాడు."

"గూడ్సు బండ్లు తోలినాయన నీ చిన్న కారు కోసం కాసుకోని ఉండాడా?"

తోలేది డ్రైవరు, గార్డు జెండా ఊపుతాడు అని సరిదిద్దాను. రుద్రమ్మ మజ్జిగ గిన్నె నా ముందు కొంచెం గట్టిగానే పెట్టి, "బండి సంగతి కాదులే నీది" అంది. పెళ్ళాలకు ప్రతిదానిలోనూ ఇంకేదో కనపడుతుంది. బండి సంగతి కాకపోతే ఇంకేం సంగతి?

జూన్ 28

ఇవాళ్టితో పాలసీ అయిపోయింది. బయటికి పోయి చూశాను. బండి ఎప్పటిలాగే ఉంది. ఇన్సూరెన్స్ అనేదే పెద్ద మోసం.

జూన్ 30

ఈరేశ్ అడిగాడు, "ఏమప్పా కోటిలింగప్పా, మారిందా కంపెనీ?" అని. మారిందన్నాను. టీ చల్లారేలోపలే అయిపోయిందని కూడా అన్నాను.

జూలై 3, గురువారం

రుద్రమ్మను హగరి దగ్గర వాళ్ళ పుట్టింట్లో దింపాను. వారం ఉంటుందట. మూతి ముడిచే పోయింది. ఉండనీ.

తిరిగి వస్తుంటే హగరి దాటగానే పోలీసులు ఆపారు. కుర్రవాడు, కొత్త బూట్లు, కొత్త మీసం. మీసం ఇంకా సగమే వచ్చింది, అధికారం మాత్రం నిండుగా వచ్చింది. ఆంధ్రా నంబరు చూసి, "ఎల్లిందా?" అని, ఎక్కడి నుంచని కన్నడంలో అడిగాడు. గుంతకల్లు నుంచి, అక్క ఇంటి నుంచి అని కన్నడంలోనే అప్పజెప్పాను. ఎన్నిసార్లు చెప్పి ఉంటానో ఈ మూడేళ్ళలో. ప్రతి చెక్‌పోస్టులోనూ అక్క ఇంటి నుంచే వస్తున్నాను నేను.

అతను బండి నంబరు ఫోన్లో కొట్టి చూశాడు. ఇన్సూరెన్స్ అయిపోయిందన్నాడు. మా ఊరివాడే, తెలుగులోకి దిగాడు.

"బండి ఎవురిది?"

"మా బావది సార్. కొత్త పాలసీ కట్టించినాడు. కాయితం వాళ్ళింట్లో ఉండాది."

"అయితే అక్కకు ఫోన్ చెయ్యప్పా. ఫోటో తీసి పంపియ్యమను."

చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. వేరే దారి లేదు. ఫోను తీసి, ఏ నంబరూ కొట్టకుండా చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అక్కా, నేను కోటిని" అన్నాను. "ఆ, బాగుండా. నువ్వెట్లుండావు? మోకాళ్ళు ఎట్లుండాయి? మెట్లు ఎక్కొద్దని చెప్పినా కదా. ఆ... లేదు లేదు, ఏం పని పడలేదు, ఊరికే. రావల్లనే అనుకుంటాండా అక్కా. దుకాణంలో తీరదు. ఆ, తిన్నా. ఓళిగ తిన్నా. రెండు తిన్నా. సొంఠి బాగా తగిలింది."

పోలీసు కుర్రవాడు చేతులు దించి, టోపీ సర్దుకుని, రోడ్డు వైపు చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు గుర్తొచ్చి, "అక్కా, బండి కాయితం..." అన్నాను. కాసేపు విన్నట్టు ఊరుకుని ఫోను జేబులో పెట్టుకుని, "ఫోటో పంపేది ఆమెకు చేతకాదంట సార్" అన్నాను. కళ్ళజోడు తీసి తుడిచాను. దుమ్ము. ఇసుక లారీలు తిరిగే రోడ్డు.

"పోప్పా, పో. రేపే కట్టించు" అన్నాడు. వెనక సీటులో జాడీ చూసి, "అక్క ఊరగాయ పెట్టి పంపిచ్చిందే" అని నవ్వాడు కూడా.

ఎంత అమాయకుడు! అబద్ధానికీ నిజానికీ తేడా తెలియనివాణ్ణి రోడ్డు మీద నిలబెడితే దేశం ఏమవుతుంది? నా నటన గొప్పదని నేనే ఒప్పుకోవాలి. అంత పొడుగు అక్కర్లేదేమో. కానీ నమ్మించాలంటే కొంచెం సాగదీయాలి.

జూలై 4, శుక్రవారం

బండి షెడ్డులో పెట్టి ఆటోలో సంగనకల్లు పోయాను. బతిమాలడానికి కాదు. పాత గిరాకీ కదా, ఆ పనేదో పూర్తి చేసే అవకాశం వీరభద్రప్పకే ఇద్దామని.

ఇల్లు చూస్తే మనిషి తెలుస్తాడు. వాకిట్లో ఎండిన బోరు గొట్టం, దాని మీద ఆరేసిన తువ్వాలు. అతను లేడు, పొలానికి పోయాడు. భార్య మజ్జిగ ఇచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మీ ఓళిగలు బాగుంటాయమ్మా. సొంఠి ఒక్కటి తగ్గిస్తే ఇంకా బాగుంటాయి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఓళిగలా? ఈయనకు షుగరు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఓళిగలు చేసిందే లేదే అప్పా."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

వీరభద్రప్ప వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఇంట్లో చేశారని ఎందుకు చెప్పావని అడిగాను.

"అవునప్పా. ఇంట్లోనే చేసినారు. యా ఇంట్లో అని మీరు అడగలేదు కదా."

అక్క చేసి పంపేదట. ప్రతి ఏడూ.

"ఆ నంబరేదో ఫోన్లో అడిగితే అయిపోయే పనే అప్పా" అన్నాడు. "అయినా అక్కగారు రమ్మంటారు. పోయి కూర్చోవల్ల. మీరు చిక్కినారా, లావైనారా, బీపీ మాత్రలు మింగుతాండారా, అన్నీ చెప్పల్ల. అన్నీ వినినాకనే నంబరు చెప్తారు. అంతవరకూ ఎంత అడిగినా చెప్పరు. వచ్చేటప్పుడు డబ్బా ఇస్తారు. నా పేరు చెప్పొద్దు, చెప్తే తినడు అంటారు."

ఇలాంటివాళ్ళు ఒకసారి మొదలుపెడితే ఆపరు.

"ఈ ఏడు నంబరు రెండు తూర్లు వచ్చిందంట కదా. అక్కగారు నాకు ఫోన్ చేసిరి. మా కోటి నంబరు అడుగుతాండాడు వీరభద్రప్పా, ఇప్పుడు చేస్తాడు చూడు అనిరి. రెండు తూర్లూ ఆ ఫోను ఒళ్ళో పెట్టుకోని కూర్చుండిరంట."

"అంత ఉంటే ఆమే చేయొచ్చు కదా?"

"నేనూ అదే అంటినప్పా. వద్దు, అద్దం ఎత్తినోడే దించల్ల అనిరి."

లేచాను. "సరే, ఇప్పుడు నువ్వు పోయి ఆ నంబరు తెస్తావా తేవా?" అన్నాను.

"తేనప్పా" అన్నాడు. నా ముఖం మీదే. "నేను బండికే ఏజెంటు. ఇన్నేండ్లు ఊరికే మీ ఇంటికి కూడా చేసినా. నాకూ వయసైపోతాంది, మోకాళ్ళు పట్టుకుంటాండాయి."

పొగరు. షుగరు, పొగరు రెండూ ఉన్నాయి ఆ మనిషికి. వాకిలి దాకా వచ్చి ఆటో మాట్లాడి పెట్టాడు.

జూలై 5

ఫోన్ చార్జింగ్ పెట్టాను. నిండింది. దుకాణం తీయలేదు.

జూలై 6, ఆదివారం

ఉదయం టిఫిన్ అయ్యాక యాప్ తెరిచి అంకెలు పంపమని నొక్కాను. ఒకసారి గట్టిగా దగ్గి గుంతకల్లుకు ఫోన్ చేశాను. తిరుమలేశ్ ఎత్తాడు.

"ఎవురు?"

"నేను. బళ్ళారి నుంచి."

"బళ్ళారి నుంచి ఎవురు? కారు ఓనరా?" అని నవ్వాడు. ఆ రోజు పంక్తిలో నవ్విన నవ్వే. పెట్టేయబోయాను. "పెట్టొద్దప్పా, పెట్టొద్దు. నంబరు వచ్చిండాది. నాకు అద్దాలు లేకుండా కనపడదు. మీ అక్క చదువుతాది" అన్నాడు. అరచేత్తో ఫోను మూసినట్టుంది, "ఏమే, రా బిరిన" అన్న కేక దూరంగా వినపడింది. మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు. మెట్లు ఎక్కొద్దని చెబితే వింటుందా?

"కోటీ" అంది అక్క.

 పది నిమిషాల్లో కొట్టాలని యాప్ హెచ్చరిస్తూనే ఉంది.

"తిన్నావా?"

"తిన్నా. ఉగ్గాని."

"రుద్రమ్మ చేసిందా?"

"ఆమె హగరికి పోయిండాది. నేనే చేసుకున్నా."

"నువ్వా! ఉప్పేసినావా?"

వేశానన్నాను. వేయలేదు, ఆమె అడిగాకే తెలిసింది. "అక్కా, నంబరు చెప్పు. టైము అయిపోతాది" అన్నాను.

"చెప్తాండా ఉండు. నాలుగు. ఒకటి. సున్నా. సున్నా. ఏడు. రెండు."

కొట్టాను. తప్పు అని ఎర్రగా వచ్చింది. వెనక నుంచి బావ గొంతు, "ఏడు యాడుండాదే? తొమ్మిది! తొమ్మిది చెప్పు!" అద్దాలు దొరికినట్టున్నాయి.

"నువ్వుండు. నాకు తెల్దా?" అంది అక్క అతనితో. నాతో, "మళ్ళా పంపియ్యమను కోటీ. ఈ లోపల చెప్పు, బీపీ మాత్ర మింగుతాండావా?" అంది.

తొమ్మిది అన్నది నాకు శుభ్రంగా వినపడింది. కానీ ఫోను అక్క చేతిలో ఉంది. ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే లెక్క. మళ్ళీ పంపమని నొక్కాను. ఆ అంకెలు వచ్చేలోపల మోకాళ్ళ సంగతి, నూనె మర్దన సంగతి వచ్చాయి. ఆమె చదివింది. తప్పు. మళ్ళీ పంపించాను. ఈసారి మా అమ్మ సొంఠి దంచే చిన్న రోలు సంగతి వచ్చింది. అది ఇప్పటికీ తన దగ్గరే ఉందట. చదివింది. తప్పు. ఇన్ని తప్పులైతే ఇవాళ్టికి కుదరదు, రేపు ప్రయత్నించండి అని యాప్ మొండికేసింది.

"రేపు చెయ్యి అయితే" అంది అక్క. గొంతులో పండగ.

చుట్టాలందరి నంబర్లూ నోటికి చెప్పే మనిషి, కళ్ళెదురుగా ఉన్న ఆరంకెలు చదవలేకపోయింది. వయసు. ఇంకేం కాదు.

జూలై 7, సోమవారం

పొద్దున్నే చేశాను. మొదటి మోతకే ఎత్తింది అక్క. ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చుంటే ఎత్తదా, పనీ పాటా లేని మనిషి. ఓళిగలు చేసి పెట్టిందట, పంపేవాళ్ళు లేరట. "వీరభద్రప్పకేమో మోకాళ్ళంట, నాకూ మోకాళ్ళే. నీకేం వచ్చింది?" అంది. చూద్దాంలే అన్నాను.

బావ ఫోను లాక్కున్నాడు. "ఇదిగోప్పా, ఈ నంబర్ల పీడ నాకెందుకు? ఆ పొద్దు ఏదో నగినాను. దానికి నువ్వు ఆకు మింద నుంచి లేస్తివి. ఈయమ్మ మూడేండ్లుగా ఆ ఆకునే నాకు వడ్డిస్తాంది. వచ్చి సంతకం తీస్కోని బండి నీ పేరు మిందికి మార్చుకో. పీడ వదులుతాది" అన్నాడు.

బండి నాదంటాడు, నాదంటాడు అని ఇన్నాళ్ళూ చూశాను. ఇదీ అతని వరస! మనిషి ఒక మాట మీద నిలబడడు. ఆలోచించాను. నా పేరు మీదికి వచ్చిందంటే కర్ణాటక టాక్సు కట్టాలి. పోలీసులకు కొత్త కథ వెతుక్కోవాలి. ఏటా అంకెల కోసం గుంతకల్లుకు ఫోన్ చేసే పని కూడా ఉండదు.

"ఇప్పుడెందుకు బావా, అట్లే ఉండనీ" అన్నాను. మూడేళ్ళ తర్వాత బావా అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది.

యాప్‌లో అంకెలు పంపమని నొక్కాను. అక్క మళ్ళీ ఫోను తీసుకుని చదివింది. ఈసారి ఎక్కడా తడబడలేదు. బావ పక్కనే కూర్చుని ఒక్కొక్క అంకెకీ "ఆ, ఆ" అంటూనే ఉన్నాడు. ఆరూ సరిగ్గా ఉన్నాయి.

చివరి అంకె నేనే తప్పు కొట్టాను. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను.